పుకారుకు ముందే పడిన ముద్ర

2018 మే నెలలో పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఫోన్ల నిండా ఒకటే మాట: పార్థీ గ్యాంగు దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతోంది. పాత నల్లగొండలోని బీబీనగర్ మండలంలో, చుట్టాల ఊరికి వచ్చిన మనిషిని దొంగ అనుకొని కొట్టి చంపారు. అదంతా వాట్సాప్ తెచ్చిన రోగమే అన్నవాళ్లు చాలామంది. కానీ పిల్లల్ని ఎత్తుకుపోయి చంపుతారన్న నింద యూరప్‌లో యూదుల మీద ఎనిమిది వందల ఏళ్లకు పైగా నడిచింది. 1144లో ఇంగ్లండులోని నార్విచ్ దగ్గర విలియం అనే పిల్లవాడి శవం దొరికింది. కొన్నేళ్లకు ఒక క్రైస్తవ సన్యాసి ఆ చావును యూదులకు అంటగట్టి పుస్తకం రాశాడు. 1475లో ట్రెంట్ పట్టణంలో ఇదే నింద మోపి యూదులను చిత్రహింసలు పెట్టి చంపారు. అక్కడ చనిపోయిన పిల్లవాడిని కొలవడం 1965లో గానీ ఆగలేదు.

పుకారు ఒక్కటే మనిషిని చంపదు. వేలు చూపడానికి ముందే ఒక పేరు సిద్ధంగా ఉండాలి, ఆ పేరును సిద్ధం చేసేది అధికారం. యూదులు వేరుగా కనబడే బట్టలే కట్టుకోవాలని 1215లో చర్చి మహాసభ శాసించింది. చేతివృత్తుల సంఘాల్లోకి వాళ్లను రానివ్వలేదు, చాలాచోట్ల భూమి కొననివ్వలేదు. క్రైస్తవులు వడ్డీ తీసుకోవడం పాపమన్నారు. అలా కొందరిని వడ్డీ వ్యాపారంలోకి నెట్టి, ఆ తర్వాత జాతి మొత్తానికీ వడ్డీ పిశాచమని పేరు పెట్టారు. మన దగ్గర 1871 నేరస్థ జాతుల చట్టం చేసిందీ ఇలాంటిదే. పార్థీల వంటి సంచార కులాల్లో పుట్టడమే నేరమైంది. 1952లో చట్టం పోయినా, 2018లో భయానికి దొరికింది ఆ పేరే.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అంటారు. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గ్‌లో బావుల్లో విషం కలిపి ప్లేగు తెచ్చారంటూ వందలాది మంది యూదులను తగలబెట్టారు. అప్పటికి ఆ ఊరికి ప్లేగే రాలేదు. 1190లో యార్క్ కోటలో చిక్కుకున్న యూదులు చచ్చాక, గుంపు నేరుగా పెద్ద చర్చికి పోయి, అక్కడ దాచిన అప్పు పత్రాలు కాల్చేసింది. ఎవరికి లాభమో ఆ పత్రాలే చెబుతున్నాయి.

మరి ఎదుర్కోవడం ఎలా? నిజం చెబితే సరిపోతుందనుకుంటాం. ప్లేగుతో యూదులూ చస్తున్నారు కదా అని 1348లోనే పోప్ ఆరో క్లెమెంట్ ప్రకటించాడు. దూరాన్నుంచి వచ్చిన ఆ మాటను చాలా ఊళ్లు లెక్కచేయలేదు. 2018 పుకార్లప్పుడు గద్వాలలో అప్పటి జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. ఎండాకాలం ఆరుబయట పడుకునే జనం చీకటి పడకముందే తలుపులు బిడాయించుకుంటున్నారని ఊళ్లు తిరిగే పోలీసులు గమనించారు. ఊరికో పోలీసును కేటాయించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, డప్పు కొట్టించి పాటలతో చెప్పించారు. తెలిసిన మనిషి గడపలోకి వచ్చి చెబితే జనం విన్నారు. అయితే దీంతో ఆ పూట గుంపు ఆగుతుంది గానీ ముద్ర పోదు. ముద్ర వేసినవాళ్లే దాన్ని చెరపాలి. క్రీస్తు మరణానికి యూదులందరినీ నిందించరాదని కాథలిక్ చర్చి 1965లో ప్రకటించింది. నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపిన ఇరవై ఏళ్లకు! అంత ఆలస్యాన్ని క్షమించడం కష్టం.

మన దగ్గర యూదులే లేరు, మనకెందుకీ గొడవ అనవచ్చు. కానీ గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు, మాదిగ కుటుంబాల వాళ్లు. 2008లో ముంబైలోని యూదుల కేంద్రం నారిమన్ హౌస్‌లో ఉగ్రవాదులు వెతుక్కుంటూ వచ్చింది యూదుల కోసమే. ఇక గాజా సంగతి. అక్కడి పిల్లల చావులకు ఇజ్రాయెల్ ప్రభుత్వాన్ని నిలదీయడం యూదు ద్వేషం కాదు, ఆ హక్కు ఎవరికైనా ఉంది. కానీ ఆ ప్రభుత్వం చేసిన పనికి కొత్తరెడ్డిపాలెం కూలీనో, కొచ్చి యూదులనో జవాబు చెప్పమనడం ద్వేషమే.