మిడతలు తినేసిన సంవత్సరాలు

గాంధీనగర్ పక్కనే, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీపరీక్షలకు చదివే యువతకు గంట విలువ బాగా తెలుసు. కానీ ఆన్‌లైన్ గేమ్‌కు మనం రోజుకు 3 గంటలిస్తే 5 ఏళ్లలో పోయేవి 5,475 గంటలు! 2020 సెప్టెంబరులో ప్రభుత్వం పబ్‌జీని నిషేధిస్తే చాలామంది మరో ఆటకు మారారు. ఆట పోయినా అలవాటు పోలేదు. ‘ఆ ఏళ్లు ఆడకపోయుంటే ఈపాటికి ఉద్యోగముండేది’ అని కుమిలిపోతూ కూర్చుంటే ఉన్న ఏళ్లూ పోతాయి.

మిడతలు తినేసిన సంవత్సరాల నష్టాన్ని తీరుస్తానని దేవుడు మాటిచ్చాడు (యోవేలు 2:25). అంతకుముందే, పూర్ణహృదయంతో తనవైపు తిరగమన్నాడు (2:12). పోయిన కాలం రాదు, మిగిలిన కాలంలో ఆయన పంటనిస్తాడు. ఫోన్ పక్కనపెట్టి ఈరోజు ఒక్క గంట ఆయనకప్పగిద్దాం. విత్తనం అదే!