నేతాజీ సహచరుడు, భారత రాయబారి

విశాఖ బీచ్‌కు వెళ్లి కురుసుర జలాంతర్గామి ఎక్కినవారికి లోపలి ఇరుకు తెలుసు. 1943లో అలాంటి ఇరుకులోనే సుభాష్ చంద్రబోస్‌తో సుమారు మూడు నెలలు ప్రయాణించారు హైదరాబాదీ ఆబిద్ హసన్.

జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ బోస్‌కు దగ్గరై, కార్యదర్శిగా వెన్నంటి నిలిచారు. కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కిన ఇద్దరూ మడగాస్కర్ సమీపంలో, ఎగసిపడే అలల మధ్య, రబ్బరు తెప్ప మీద జపాన్ జలాంతర్గామికి మారారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమంటే అదే!

‘జైహింద్’ పలకరింపును సూచించిందీ ఆబిద్ హసనేనంటారు. ఇంతటి మనిషిని తెలుగునేల ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ సర్వీసులో చేరారు. డెన్మార్క్‌లో రాయబారిగా పనిచేసి, 1969లో పదవీ విరమణతో హైదరాబాద్‌కు తిరిగొచ్చారు. అక్కడే 1984లో కన్నుమూశారు.