మీకు తెలుసా? అజిన్‌కోర్ట్ యుద్ధం నాడు కొండవీట్లో శ్రీనాథుడు

ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ పోరాడిన నూరేళ్ల యుద్ధం మీద విదేశీ టీవీల్లో డాక్యుమెంటరీలు వస్తూనే ఉంటాయి. 2013లో బీబీసీ ఫోర్‌లో చరిత్రకారిణి జనీనా రమీరెజ్ మూడు భాగాల్లో ఆ కథ చెప్పారు. పేరుకు నూరేళ్లే గానీ 1337లో మొదలై, ఆగుతూ సాగుతూ 1453 దాకా నడిచింది. కారణం మన ఊళ్లలో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఫ్రాన్సు రాజు నాలుగో చార్లెస్ 1328లో కొడుకులు లేకుండా పోయాడు. గద్దె చిన్నాన్న కొడుకు ఫిలిప్‌కు దక్కింది. చార్లెస్‌కు స్వయానా మేనల్లుడైన ఇంగ్లండు రాజు మూడో ఎడ్వర్డ్, తల్లి తరఫున అది నాదేనన్నాడు.

ఆ యుద్ధంలోనే 1415 అక్టోబరు 25న అజిన్‌కోర్ట్ దగ్గర ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ సేన ఫ్రెంచి వీరుల్ని చిత్తు చేసింది. సరిగ్గా ఆ కాలంలో మన పక్కనే ఉన్న కొండవీటిని పెదకోమటి వేమారెడ్డి ఏలుతున్నాడు. ఆయన కొలువులో విద్యాధికారి శ్రీనాథ మహాకవి!

అజిన్‌కోర్ట్ గెలుపును చాలాకాలం పొడవాటి విల్లు ఖాతాలోనే వేశారు. ఇప్పటి డాక్యుమెంటరీలు మట్టిని కూడా సాక్ష్యానికి పిలుస్తున్నాయి. అది అప్పుడే దున్ని విత్తిన పొలం. ముందు రాత్రి జోరువాన. ఒంటినిండా ఇనుప కవచాలతో, కాళ్లకు అడుసు పట్టుకుంటుంటే, వెనకవాళ్లు తోస్తుంటే, పడినవాడు మళ్లీ లేవలేకపోయాడు. వానపడ్డ నల్లరేగడి చేలో నడిచిన సత్తెనపల్లి రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక విల్లు సంగతంటారా, పరిశోధకులకు ఎక్కువగా ఆధారం నూరేళ్ల యుద్ధం ముగిసి తొంభై ఏళ్లు దాటాక, 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఓడ. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన వందకు పైగా విల్లుల కొలతలతోనే కొత్తవి చేయించి, కవచాల మీద బాణాలు వేసి పరీక్షిస్తున్నారు.

ఇంత శ్రద్ధా మన పల్నాటి యుద్ధానికీ దక్కాలి. 12వ శతాబ్దంలో నలగామరాజు, మలిదేవరాజు అనే సవతి తల్లుల బిడ్డల మధ్య గురజాల, మాచర్ల రాజ్యాలు చీలి, కోడిపందెం మీదుగా కారంపూడి రణరంగం దాకా వెళ్లిన కథ అది. నాగమ్మ, బ్రహ్మనాయుడు, బాలచంద్రుడు, సేన నడిపిన కన్నమదాసు, వీళ్ల పేర్లు తెలియని ఇల్లు పల్నాట లేదు. శ్రీనాథుడిదిగా చెప్పే ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. జీన్ రోఘైర్ అనే అమెరికన్ పల్నాడు వచ్చి, ఈ కథను పాడే వీరవిద్యావంతుల నోట దీన్ని విని, 1982లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకమే తెచ్చారు. తెరమీద మాత్రం జనానికి తెలిసింది 1947, 1966 సినిమాలే.

అజిన్‌కోర్ట్ మీద డాక్యుమెంటరీ తీసేవాళ్లకు లేని భాగ్యం ఒకటి మనకుంది. అక్కడ ఆనాటి వీరుల కథను తరతరాలుగా పాడుతూ వస్తున్న గాయకులు లేరు. ఇక్కడ ఉన్నారు. పంబజోడు మోగుతుండగా ఒక్కో ఘట్టాన్నీ పాడతారు. వాళ్లలో ఎక్కువమంది మాల కులస్తులు. ఈ చరిత్ర నిలిచిందంటే ముందుగా వాళ్ల గొంతుల వల్లే. పండితుల తాళపత్రాలకు ఇచ్చిన గౌరవం వాళ్లకూ ఇచ్చి, పేరుపేరునా, పూర్తి పాటతో చిత్రీకరించి దాచాలి.

అన్నట్టు, అదే ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ మన నేల మీదా తలపడ్డారు. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దాపులోని చందుర్తిలో ఇంగ్లీషు దళపతి ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించాడు. మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట కూడా పట్టుకున్నాడు. ఆ పోరులో విల్లులు కాదు, ఫిరంగులు.

మళ్లీ పల్నాటి కథకొస్తే, కెమెరాతో కారంపూడి రాదలచినవాళ్లు కార్తీక అమావాస్యకు రావాలి. పల్నాటి వీరుల్ని కొలిచే వీరాచారవంతులు కొణతాలు (వీరుల ఆయుధాలు) పట్టుకుని నాగులేటి స్నానానికి కదులుతారు. తిరునాళ్ల ఐదు రోజులూ యుద్ధకథ చుట్టూనే సాగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులం అడగకుండా అందరూ ఒకే వరసన కూర్చుని తింటారు.