మధ్యచెవిలో నీరు: పిల్లల మాటకు కలుగు అడ్డంకి

"ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. రెండింటి మధ్య మా వాడికి మాటలు సరిగా రావడం లేదండీ." ధర్మపురి ప్రాంతమున తెలుగు కుటుంబములలో ఈ మాట వినబడుట కొత్త కాదు. రెండు భాషల బ్రతుకు మనకు తరతరములనుండి వచ్చినది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ననుసరించి మన పిల్లలు బడిలోను మొదటి తరగతినుండి తమిళము చదువుచున్నారు. కనుక బిడ్డ వెనుకబడినపుడు నేరమును రెండు భాషలపై మోపుట సులభము. కాని రెండు భాషలు వినుచు పెరుగుట మాటకు చేటు కాదు. తెలుగులో తమిళ పదమును కలిపి పలుకుటయు రోగలక్షణము కాదు. బిడ్డ రెండు భాషలలోను వెనుకబడి యున్నచో మాత్రము, మొదట వాని చెవిని పరీక్ష చేయింపవలెను. చిన్నపిల్లలలో తరచుగా బయటపడు కారణము మధ్యచెవిలో నీరు చేరుట.

కర్ణభేరికి లోపల గాలితో నిండిన చిన్న గది యొకటి కలదు. అదియే మధ్యచెవి. కర్ణభేరి కదలికను లోపలిచెవికి చేరవేయు మూడు సన్నని ఎముకలు అందున్నవి. ఈ గదికి గాలి నందించునది ముక్కు వెనుకనుండి వచ్చు యూస్టేషియన్ నాళము. పెద్దలలో ఈ నాళము ఏటవాలుగా నుండును. పసివారిలో పొట్టిగా, ఇంచుమించు అడ్డముగా నుండును. జలుబు చేసినను, ముక్కు వెనుకనున్న అడినాయిడ్ కండ వాచినను నాళము మూసికొనిపోవును. అపుడు గాలి తగ్గి, ఆ చోట నీరు ఊరును. కొందరిలో అది జిగురువలె చిక్కబడును. నీటి బరువున కర్ణభేరియు ఎముకలును చక్కగా కదలవు. పదేండ్లు నిండులోపల పదిమంది పిల్లలలో ఇంచుమించు ఎనిమిదిమందికి ఒక్కమారైన ఇట్లు జరుగును.

చీము పట్టిన చెవి నొప్పిచే బిడ్డ నేడ్పించును. ఈ నీరు సాధారణముగా నొప్పి పెట్టదు, జ్వరము తేదు, బయటికి కారదు. అందుచేతనే పెద్దల కంటపడదు. వినికిడి సామాన్యముగా 20 మొదలు 30 డెసిబెల్‌ల వరకు తగ్గును. కొందరికి 40 వరకు తగ్గవచ్చును. గుసగుస సుమారు 30 డెసిబెల్‌లు, మామూలు సంభాషణ 60. కనుక దగ్గర కూర్చుండి పిలిచిన బిడ్డ పలుకును. సందడిగల తరగతిలో వెనుక బల్లపైనున్నపుడు ఉపాధ్యాయుని మాట సగమే అందును. పైగా నీరు ఒకవారము తగ్గి మరియొకవారము పెరుగవచ్చును. నిన్న విన్నవాడు నేడు విననిచో, "వీడు కావాలనే వినడు" అని మనము కోపింతుము.

భాష నేర్చువానికి సన్నని ధ్వనులే ముఖ్యము. 'కోట' యనినను 'తోట' యనినను, 'పిండి' యనినను 'తిండి' యనినను మొదటి హల్లు ఒక్కటే భేదము. 'బడికి', 'బడిలో' అను మాటల చివర గల విభక్తులు మెల్లగా పలుకబడును. తమిళమున 'పల్లి' యన బల్లి, 'పళ్ళి' యన బడి. పెద్దవారు వినబడని ముక్కను సందర్భమునుబట్టి పూరించుకొందురు. పదములనే ఇంకను నేర్చుకొనుచున్న బిడ్డకు ఆ శక్తి చాలదు.

అయినను భయపడ నవసరము లేదు. పెక్కుమందిలో ఈ నీరు మూడు నెలలలోపల తనంతట తగ్గిపోవును. కావున వైద్యులు మొదట మూడు నెలలు కనిపెట్టి చూతురు. అమెరికాలో పిట్స్‌బర్గ్ వైద్యులు 2001లో ప్రకటించిన పరిశోధనలో, మూడేండ్లలోపు పిల్లలకు వెంటనే శస్త్రచికిత్స చేసినను, కొన్ని నెలలు ఆగినను, మూడేండ్ల వయసున వారి మాటలో భేదము కనబడలేదు. యాంటీబయాటిక్‌లును జలుబు మందులును ఈ నీటిని తొలగించుటకు పనికిరావు. మూడు నెలలు గడచినను రెండు చెవులలో నీరు నిలిచి, వినికిడి తగ్గియున్నచో కర్ణభేరిలో గ్రామెట్ అను చిన్న గొట్టము నమర్చు పద్ధతి కలదు. ఆధునిక వైద్యమున దీనిని 1954లో అమెరికా వైద్యుడు ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రచారమునకు తెచ్చెను. అంగిలి చీలిక గల బిడ్డల విషయమునను, ఇదివరకే మాట బాగుగా వెనుకబడిన బిడ్డల విషయమునను వేచియుండక వైద్యుని చూడవలెను.

తల్లిదండ్రులు గమనింపవలసినవి ఇవి: వెనుకనుండి పిలిచిన పలుకకుండుట, "ఏమి?" అని మాటిమాటికి అడుగుట, టెలివిజన్ ధ్వని పెంచుట, మన ముఖమునే చూచుచుండుట, నోరు తెరచి నిద్రించుట. చెవిలో నూనె పోయరాదు; పుల్ల పెట్టరాదు. కర్ణభేరి చెక్కుచెదరనిచో నూనె లోపలికి చేరదు, చిల్లిపడినచో హాని చేయును. ఇంట బీడీ, సిగరెట్టు పొగయు ఈ బాధను పెంచును.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున అంగన్‌వాడీ, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు చేయు పరీక్షలలో వినికిడియు చేరియున్నది. ధర్మపురిలో 2008లో స్థాపింపబడిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రియు మనకు సమీపముననే యున్నది. టింపనోమెట్రీ అను పరీక్ష కర్ణభేరి కదలికను కొద్ది నిమిషములలో తెలుపును. అంతవరకు బిడ్డను ముందు బల్లపై కూర్చుండబెట్టుడని ఉపాధ్యాయునితో చెప్పుడు. ఇంట దగ్గరగా, ముఖము చూచుచు, స్పష్టముగా మాటలాడుడు.

ఇంటి తెలుగును మాత్రము మానుకొనవలదు. మందముగా వినబడు బిడ్డకు మాట మరింత కావలెను గాని తక్కువ కారాదు. తల్లి నిస్సంకోచముగా పలుకగల భాషయే అట్టి మాటను ధారాళముగా నీయగలదు.