ఈసీ చెప్పని సంగతులు: భూమి కొనేముందు అపోహలు – వాస్తవాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎకరం కొన్నా, ప్లాటు కొన్నా ముందుగా అడిగేవి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), పాసుబుక్కు. భూమి ఎవరిదో అవి చెబుతాయి. దాని మీదికి నీళ్లొస్తాయా, అడవి హద్దు ఎక్కడ, మట్టిలో ఏం కలిసింది అన్నది తెలియాలంటే వేరే రికార్డులు తిరగేయాలి.

అపోహ: ఈసీ క్లియర్‌గా ఉంటే ఇక భయం లేదు.

వాస్తవం: ఈసీలో కనిపించేవి అమ్మకాలు, తనఖాల వంటి రిజిస్టరైన లావాదేవీలే. అమెరికాలో చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, పెట్రోలు ట్యాంకులు, చెత్త డంపుల రికార్డులన్నీ వెతికి ఒకే నివేదికగా ఇచ్చే సంస్థలున్నాయి. ఇక్కడ ఆ తిరుగుడు కొనేవాళ్లదే. నిషేధిత భూముల జాబితా భూభారతి పోర్టల్‌లో, చెరువుల మ్యాపు నీటిపారుదల శాఖలో, ఫ్యాక్టరీ అనుమతులు కాలుష్య నియంత్రణ మండలిలో చూడాలి.

అపోహ: శిఖమైతేనేం, పట్టా ఉంది కదా, కట్టుకోవచ్చు.

వాస్తవం: శిఖం అంటే చెరువు లోపలి భూమి. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకోవడం వరకే దాని పట్టా. మట్టి పోసి పూడ్చడానికి వీల్లేదు. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. చెరువు ఎండినా ఆ హద్దు చెరిగిపోదు.

అపోహ: ఏళ్ల తరబడి నీళ్లు రాలేదు, ఇక ముంపు లేనట్టే.

వాస్తవం: 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని, అలంపూర్‌ను ముంచింది. 2019 డిసెంబరు 31న వనపర్తి జిల్లా సరళాసాగర్ కట్ట తెగింది. అప్పుడు వానాకాలం కూడా కాదు. నదికి ఎంత దూరమన్నదొక్కటే చాలదు, ఏ కట్ట కింద ఉన్నామో కూడా చూసుకోవాలి.

అపోహ: పోడు పట్టా చేతిలో ఉంటే అమ్మొచ్చు, కొనొచ్చు.

వాస్తవం: 2006 అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన భూమి వారసులకు దక్కుతుంది, అమ్మకానికి పనికిరాదు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు కొనేవాళ్లు సర్వే నంబరుతో అటవీ శాఖను కూడా అడగాలి.

అపోహ: భూసార పరీక్ష చేయించాం, మట్టి బాగున్నట్టే.

వాస్తవం: భూసార కార్డులో ఉండే 12 అంశాలు నత్రజని, భాస్వరం, జింకు, ఉదజని సూచిక వంటివి. పురుగుమందుల అవశేషాలు అందులో లేవు. గద్వాలలో ఏళ్లుగా సీడ్ పత్తి వేసిన చేనులో ఎంత మందు కొట్టారో ఏ ఆఫీసు రికార్డులోనూ దొరకదు. దానికి వేరే ల్యాబులో పరీక్ష చేయించాలి. పక్కన మిల్లు ఉన్నట్టు రికార్డులో కనిపించినంత మాత్రాన నేల పాడైనట్టూ కాదు. వాలు ఎటు, మురుగు ఎటు పారుతోంది, బోరు నీళ్లలో ఏం తేలింది అన్నవి చూశాకే తేల్చుకోవాలి.

ఇవన్నీ బయానా ఇవ్వకముందే అడగాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక బయటపడే ప్రతి చిక్కూ కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది.