దెబ్బ నెత్తికి... నలుపు కంటికి!

నెత్తిమీద దెబ్బ తగిలిన మర్నాడో, మూడోనాడో కనురెప్పలు వాచి నల్లబడుతూ ఉంటాయి. "కంటికి తగల్లేదు కదా, దిష్టేమో!" అని ఇంట్లో పెద్దవాళ్ళు కంగారుపడతారు. దిష్టి కాదు. దీని గుట్టు తెలియాలంటే తల వెనుక ఉన్న ఒక పలుచని కండరం సంగతి తెలుసుకోవాలి.

అద్దం ముందు నిలబడి కనుబొమలు పైకెత్తండి. నుదురు ముడతలు పడుతుంది. అది నుదుటి కండరం పని. దానికి జోడీ తల వెనుక ఉంది. పేరు ఆక్సిపిటాలిస్. పుర్రె వెనుక అడ్డంగా ఉండే ఎముక గట్టుకూ, చెవి వెనుక ఎముకకూ ఇది గట్టిగా అతుక్కుని ఉంటుంది. ఈ రెండు కండరాలనూ కలుపుతూ నడినెత్తిన ఒక గట్టి పొర టోపీలా పరచుకుని ఉంటుంది. కొందరు నెత్తి చర్మాన్ని ముందుకూ వెనక్కూ ఆడించి పిల్లల్ని నవ్విస్తారు చూడండి, అది ఈ జంట చేసే పనే!

ఈ పొర కింద వదులైన చోటు ఉంది. దెబ్బకు రక్తనాళం చిట్లితే రక్తం అందులో చేరుతుంది. వెనక్కి పోదామంటే ఎముకకు అతుక్కున్న కండరం గోడలా అడ్డు. ముందున్న కండరం మాత్రం ఎముకకు కాక, కనుబొమల దగ్గర చర్మానికి అతుక్కుని ఉంటుంది. అందుకే రక్తం మెల్లగా కనురెప్పల్లోకి దిగుతుంది. ఈ నలుపు క్రమంగా పచ్చబడి, సాధారణంగా రెండు మూడు వారాల్లో పోతుంది.

అలాగని మీకు మీరే తీర్మానించుకోకండి. పుర్రె అడుగు ఎముక విరిగినా కళ్ళు నల్లబడతాయి. ఏది ఏదో డాక్టరు చూసి చెప్పాలి. వాంతులు, మగత, ఫిట్సు, పెరిగే తలనొప్పి, ముక్కు నుంచో చెవి నుంచో నీరు గాని రక్తం గాని కారడం – వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

నెత్తి చిట్లితే మరో చిక్కు. టోపీ పొర అడ్డంగా తెగితే ముందు కండరం ముందుకూ, వెనుక కండరం వెనక్కూ లాగి గాయం నోరు తెరుచుకుంటుంది. రక్తం ధారగా కారుతుంది. అందులో కాఫీపొడి, పసుపు, సున్నం కూరకండి. లోపల చీము పడితే ఆ విషం సన్నని సిరల ద్వారా పుర్రె లోపలికి పాకగలదు. శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టుకోండి. కింద ఎముక లొత్తపోయినట్టుంటే మాత్రం అదమకుండా గుడ్డ కప్పి తీసుకురండి. కుట్లు, ధనుర్వాతం ఇంజక్షను సంగతి డాక్టరు చూసుకుంటారు.

రక్తం చూస్తే హడలిపోతాం, రక్తం కనిపించని దెబ్బను తేలిగ్గా తీసుకుంటాం. తలకు తగిలినప్పుడు రెండూ చూపించవలసినవే.