అమ్మాయి కంప్యూటర్ చదువుతానంటోందా? కాలేజీ గడప తొక్కే ముందు...

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన దివిసీమ నుంచి గుడివాడ దాకా ఏ అరుగు మీద చూసినా ఒకటే మాట. "మీ అమ్మాయిని ఎక్కడ చేర్పిస్తున్నారు వదినా?" తోడికోడలి కూతురు విజయవాడలో చేరిందనీ, పక్కింటి అబ్బాయి హైదరాబాదు వెళ్ళాడనీ వింటాం. మనమూ ఎక్కడో ఒకచోట ఫీజు కట్టేద్దామని తొందరపడతాం. కూరలబండి దగ్గర వంకాయని అటూ ఇటూ తిప్పి, పుచ్చు లేదని చూసుకుంటేగానీ సంచిలో వేసుకోం. అదే నాలుగేళ్ళ చదువుకీ, లక్షల ఖర్చుకీ మాత్రం రంగుల కరపత్రం చూసి తలూపేస్తాం. ఇదేం న్యాయమో మీరే చెప్పండి!

ఈమధ్య చాలామంది పిల్లల నోట 'సిస్టమ్స్ అనలిస్ట్' అన్న మాట వినిపిస్తోంది. ఆ ఉద్యోగమేమిటో, దానికి ఏ చదువు కావాలో, కాలేజీని ఎలా చూసుకోవాలో తల్లులకి తెలిసి ఉండటం మంచిది. నేను చదివింది ఇంటర్ వరకే. అయినా పిల్లల కోసం నాలుగు కాలేజీలు తిరిగి, నలుగురిని అడిగి తెలుసుకున్న సంగతులివి.

అసలు ఎవరీ సిస్టమ్స్ అనలిస్ట్?

పెళ్ళికి వంటవాళ్ళని మాట్లాడతాం కదా. పెద్ద వంటాయన వచ్చీ రాగానే పొయ్యి వెలిగించడు. "ఎన్ని విస్తళ్ళు? పొద్దున టిఫినుందా? మగపెళ్ళివారు ఎన్నింటికి దిగుతారు? నీళ్ళెక్కడ?" అని అడుగుతాడు. తర్వాతే సామాను జాబితా రాయిస్తాడు. కంప్యూటర్ పనిలో ఆ పెద్ద వంటాయనే సిస్టమ్స్ అనలిస్ట్. ప్రోగ్రామర్లు వండేవాళ్ళు. ఎవరికి ఏం కావాలో, ఇప్పుడు పని ఎక్కడ ఆగిపోతోందో కనుక్కుని, కంప్యూటర్ చేత ఏ పని ఎలా చేయించాలో కాగితం మీద పెట్టడం అనలిస్టు బాధ్యత.

మన దగ్గరి సంగతే ఇంకొకటి చెబుతాను. 1977 నవంబర్ 19 ఉప్పెనను దివిసీమ ఎన్నటికీ మరిచిపోదు. ఒక్క రాత్రిలో వేలమంది పోయారు. ఈనాడు మచిలీపట్నంలో వాతావరణశాఖ వారి డాప్లర్ రాడార్ ఉంది. తుపాను సముద్రంలో ఉండగానే కనిపెడుతుంది. కానీ రాడార్ చూసినంత మాత్రాన సరిపోదు. ఆ కబురు కలెక్టరాఫీసుకి చేరాలి. అక్కడినుంచి మండలానికీ, ఊరికీ, వేటకెళ్ళిన పడవకీ అందాలి. ఫోను పనిచేయకపోతే రెండో దారి ఉండాలి. ఈ వరసలో ఒక్క లింకు తెగినా ప్రాణాలు పోతాయి. ఆ వరసంతా కలిపితే అదే 'సిస్టమ్'. అది ఎక్కడ తెగుతుందో ముందే ఆలోచించడమే 'అనాలిసిస్'. పెడనలో కలంకారీ ఆర్డర్ల లెక్కయినా, పాలకేంద్రంలో వెన్నశాతం లెక్కయినా ఇదే పద్ధతి.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. చదువవగానే మొదటిరోజే ఎవరికీ ఈ ఉద్యోగం ఇవ్వరు. మొదట ప్రోగ్రాములు రాయడంలోనో, వాటిని పరీక్షించడంలోనో చేరతారు. కొన్నేళ్ళ అనుభవం మీద అనలిస్టు అవుతారు. "మా దగ్గర ఆరునెలల కోర్సు చేస్తే నేరుగా అనలిస్టే" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

దారులు ఒకటి కాదు, నాలుగు

మొదటిది బీటెక్. ఇంటర్ ఎంపీసీ అయ్యాక ఈఏపీసెట్ రాయాలి. ఒకప్పటి ఎంసెట్టే ఇది, మన రాష్ట్రంలో 2021 నుంచి పేరు మారింది. మొత్తం 160 మార్కుల్లో లెక్కలకే 80. ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40. లెక్కలంటే భయపడే పిల్లని బలవంతాన ఈ దారిలోకి తోసే ముందు ఆ 80 సంగతి ఆలోచించండి.

రెండోది పాలిటెక్నిక్. పదో తరగతి తర్వాత పాలీసెట్ రాసి మూడేళ్ళ డిప్లొమా చేయవచ్చు. ఆపైన ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. మధ్యలో ఇంటి పరిస్థితి తారుమారైనా చేతిలో డిప్లొమా ఉంటుంది. అది చిన్న ధైర్యం కాదు.

మూడోది డిగ్రీ చేసి ఎంసీఏ చదవడం. బీసీఏగానీ, బీఎస్సీ కంప్యూటర్స్‌గానీ, బీకాం కంప్యూటర్స్‌గానీ చేసి, ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చు. సాధారణంగా ఇంటర్‌లోనో డిగ్రీలోనో లెక్కలు చదివి ఉండాలంటారు కాబట్టి ముందే కనుక్కోండి. ఎంసీఏ ఒకప్పుడు మూడేళ్ళు. 2020-21 నుంచి రెండేళ్ళే. బీటెక్ సీటు రాలేదని పిల్ల ఏడుస్తూ కూర్చుంటే ఈ దారి చూపించండి. ఇదేం తక్కువ దారి కాదు. బీకాం కంప్యూటర్స్ చదివిన అమ్మాయికి జమాఖర్చులు తెలుస్తాయి. బ్యాంకుల పని, దుకాణాల పని అర్థం చేసుకునే అనలిస్టుకి అది పెట్టుబడే.

నాలుగోది నూజివీడు ట్రిపుల్ ఐటీ. 2008లో మొదలైంది. పదో తరగతి మార్కుల మీద సీటిస్తారు. ఆరేళ్ళ చదువు, హాస్టల్‌లోనే ఉండాలి. ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి మార్కుల్లో కొంత వెసులుబాటు కూడా ఉంది. పదో తరగతి పిల్లలున్న తల్లులు ఈ సంగతి ఇప్పుడే మనసులో పెట్టుకోండి. ఇంటర్‌లో చేరాక తెలిసి లాభం లేదు.

మన చుట్టుపక్కల ఏమున్నాయి?

దూరమైతేనే గొప్ప చదువని అనుకోకండి. బందరు చదువులకి పాత ఊరు. నోబుల్ విద్యాసంస్థ 1843 నాటిది. కృష్ణా విశ్వవిద్యాలయం 2008లో బందరు కేంద్రంగానే ఏర్పడింది. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు గారి పేరిట ఏఎన్నార్ కాలేజీ, బందరులో హిందూ కాలేజీ, అవనిగడ్డలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నాయి. గుడ్లవల్లేరులో పాలిటెక్నిక్ 1981లోనూ, ఇంజనీరింగ్ కాలేజీ 1998లోనూ వచ్చాయి. బందరు, పెడన పిల్లలకి గుడ్లవల్లేరు రైలుదారిలోనే ఉంది. దివిసీమకి రైలు లేదు. నాగాయలంక, కోడూరు పిల్లలు రోజూ బస్సులు మారి వచ్చిపోతే చదివే ఓపిక ఎక్కడిది? వాళ్ళకి ఫీజుతోపాటు హాస్టల్ ఖర్చు కూడా మొదటే లెక్క వేసుకోవాలి.

ఇక్కడ పేర్లు చెప్పింది ఫలానాదే మంచిదని కాదు. ఏ కాలేజీనైనా కింది ప్రశ్నలతో పరీక్షించాల్సిందే.

లోపలికి వెళ్ళాక చూడాల్సినవి

గుర్తింపు: ఇంజనీరింగ్ కోర్సులకి ఏఐసీటీఈ అనుమతి, యూనివర్సిటీ అనుబంధం ఉండాలి. న్యాక్ గుర్తింపు కాలేజీ మొత్తానికిస్తారు. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికొక్కటిగా ఇస్తారు. అందుకని "ఎన్‌బీఏ ఉందా?" అనడగడం చాలదు. "కంప్యూటర్ సైన్సుకి ఉందా? ఏ సంవత్సరం దాకా?" అని అడగండి.

పంతుళ్ళు: భవనం నిగనిగలాడితే సరిపోదు. పాఠం చెప్పేవాళ్ళు ఎన్నాళ్ళుగా ఉన్నారు? ఏటా మారిపోతున్నారా? ఈ సంగతి ఆఫీసులో చెప్పరు. క్యాంటీను దగ్గర రెండో సంవత్సరం, మూడో సంవత్సరం అమ్మాయిల్ని పలకరిస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ల్యాబు: తాళం తీసి చూపించమనండి. పిల్లకో కంప్యూటరా, ముగ్గురికొకటా? క్లాసులయ్యాక తెరిచి ఉంచుతారా? వంట పుస్తకం చదివితే గరిటె తిప్పడం రాదు కదా!

పాఠాలు: ఇప్పుడు ఏఐ, డేటా సైన్స్ అంటూ రకరకాల పేర్లతో బ్రాంచీలున్నాయి. పేరు చూసి మురిసిపోకండి. డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ గట్టిగా చెబుతున్నారా లేదా అన్నదే ముఖ్యం. పునాది ఇదే. పిల్లల చేత నిజమైన ప్రాజెక్టు చేయిస్తారా, బజార్లో కొన్న ప్రాజెక్టుతో సరిపెడతారా అన్నదీ అడగండి.

ఉద్యోగాలు: గోడమీద ఒక పిల్లాడి ఫొటో వేసి పెద్ద జీతం అంకె రాస్తారు. ఆ ఒక్కడి జీతం మన పిల్లకి రాదు. మొత్తం ఎంతమంది పాసయ్యారు? అందులో ఎంతమందికి ఉద్యోగమొచ్చింది? ఒకే పిల్లకి రెండు కంపెనీల్లో వస్తే రెండుగా లెక్కేశారా? అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లకి ఎంత? కేంద్రప్రభుత్వ ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకులకి దరఖాస్తు చేసే కాలేజీలు ఈ మధ్యజీతం లెక్క తమ వెబ్‌సైట్లో పెడతాయి. ఆ కాగితం పిల్ల చేత తీయించి చదివించుకోండి.

డబ్బు దగ్గర జాగ్రత్త సుమండీ!

ఫలితాల వేళ ఇంటికే ఏజెంట్లు వస్తారు. "అమ్మా, ఈరోజు పదివేలు కడితే సీటు మీదే, రేపైతే లేదు" అంటారు. అంత అవసరమైతే సీటు కోసం మనం తిరగాలిగానీ వాళ్ళెందుకు మన గుమ్మంలో కూర్చుంటారు? ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో వందకి 70 సీట్లు కన్వీనర్ కోటావే. ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో వస్తాయి. మిగిలిన 30 మేనేజ్‌మెంటు కోటా. కాబట్టి కౌన్సెలింగ్ అయ్యేదాకా అడ్వాన్సు కట్టకండి. నిర్ణయించిన ఫీజు కాక 'డొనేషన్' పుచ్చుకోవడం 1983 నాటి చట్టం ప్రకారం నేరం. ఏ రూపాయి కట్టినా రసీదు అడగండి. రసీదు ఇవ్వనంటే ఆ డబ్బు కట్టనవసరం లేదని అర్థం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం వదలకండి. పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పింది. సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలో ఉంటే పిల్లకి వేరేచోట మంచి సీటొచ్చినా మన చేతులు కట్టేసినట్టే.

ఇంకో లెక్క. నాలుగేళ్ళ ఫీజు, బస్సు, హాస్టల్, పరీక్ష ఫీజులు, ఒక ల్యాప్‌టాప్, అన్నీ ఒక కాగితం మీద కూడండి. ఫీజు రీయింబర్స్‌మెంటు వస్తుందని నమ్మకం పెట్టుకునేవాళ్ళు, ఆ ఏటి నిబంధనలు ముందే చదివించుకోండి. డబ్బు ఆలస్యమైతే ఒక ఏడాది మనం నెట్టుకు రాగలమా అన్నది కూడా చూసుకోండి. దాళ్వా డబ్బో, మినుములమ్మిన డబ్బో అయితే మళ్ళీ పండించుకుంటాం. అరెకరం అమ్మితే మళ్ళీ కొనలేం. అమ్మాలన్న మాట వచ్చినప్పుడు, అంతకంటే తక్కువలో అయ్యే మూడో దారిని ఇంకొకసారి చూడండి.

"ఆడపిల్లకి అంత చదువెందుకు?"

ఈ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అదే ఇంట్లో అబ్బాయికి దూరపు కాలేజీ, అమ్మాయికి బస్సు దిగితే కనిపించే కాలేజీ! దగ్గరిది మంచిదైతే సరే. దగ్గరన్న ఒక్క కారణం చేత మాత్రం ఎంచకండి. దూరమైతే హాస్టల్ చూడండి. వార్డెన్‌తో మాట్లాడండి, అక్కడి అన్నం ఓ పూట తినండి, రాత్రి పిల్లకి జ్వరమొస్తే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారో అడగండి. ఇవన్నీ తండ్రులకి తట్టని ప్రశ్నలు, మనకే తడతాయి.

ఇప్పుడు కోడు రాసిపెట్టే ఏఐ పనిముట్లు వచ్చాయి. అయినా ఏం రాయాలో ముందు మనిషే చెప్పాలి. ఎదుటివాళ్ళని ఓపిగ్గా అడిగి, వాళ్ళు చెప్పనిది కూడా గ్రహించి, అందరికీ అర్థమయ్యేలా చెప్పగలిగే పిల్ల ఈ పనిలో రాణిస్తుంది. అది ఇంట్లోనే మొదలవుతుంది. నెల ఖర్చు లెక్క అమ్మాయి చేత రాయించండి. ఎక్కడ ఎక్కువవుతోందో, ఎందుకో చెప్పమనండి. మొదటి అనాలిసిస్ అదే! కేంద్రప్రభుత్వ 'స్వయం'లో కంప్యూటర్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కాలేజీ ఏదైనా సెలవుల్లో ఇది అలవాటు చేయండి.

చేతిలో ఉంచుకోవాల్సిన చీటీ

1. కంప్యూటర్ సైన్సుకి ఎన్‌బీఏ ఉందా, ఎప్పటి వరకు?
2. నాలుగేళ్ళకీ కలిపి మొత్తం ఖర్చెంత? కాగితం మీద రాసిస్తారా?
3. పోయినేడు పాసైనవాళ్ళెందరు? ఉద్యోగాలొచ్చింది ఎందరికి? మధ్యజీతం ఎంత?
4. ల్యాబు ఎన్నింటి వరకు తెరిచి ఉంటుంది?
5. ఒరిజినల్స్ ఆ రోజే తిరిగిస్తారా?
6. అమ్మాయిల హాస్టల్, ఆఖరి బస్సు వేళ?

ఈ చీటీ చూసి విసుక్కునే కాలేజీ ఉందనుకోండి. డబ్బు కట్టకముందే విసుక్కునేవాళ్ళు, కట్టాక మన మాట వింటారా? నవ్వుతూ కూర్చోబెట్టి, ఒక్కొక్కదానికీ కాగితం చూపించే చోటయితే, ఇంటికొచ్చి పిల్లతో కలిసి నిదానంగా ఆలోచించుకోండి. చివరిమాట పిల్లదే కావాలి. ఎందుకంటే చదవాల్సింది తనే కదా!